పూచీ సొమ్ము వదిలే ముందు గని నేలలో చూడాల్సింది ఏమిటి?

నల్లగొండ జిల్లాలో బొగ్గు గని ఒక్కటీ లేదు. పాలమూరులోనూ లేదు. కొత్తగూడెం నుంచి ఆసిఫాబాద్ దాకా గోదావరి లోయ వెంట పరచుకున్న బొగ్గు పొరలు కృష్ణా తీరం దరిదాపులకు రావు. అయినా దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వెలిశాక, బొగ్గు గొడవ మనది కాదని దులుపుకోవడం కష్టం. అక్కడి బాయిలర్లలో మండే సింగరేణి బొగ్గు ఏదో ఒక ఊరి చేనును గొయ్యి చేసి వచ్చిందే. ఆ గొయ్యిని ఎవరు పూడుస్తారు, పూడ్చారని ఎవరు చూసి సంతకం పెడతారు, అందుకోసం పక్కన పెట్టిన డబ్బు ఎప్పుడు వెనక్కి వెళుతుంది అన్న ప్రశ్నలు కరెంటు వాడుకునే వాళ్లందరివీ.

రెండో కారణం మన గుమ్మం ముందే ఉంది. దామరచర్ల, వాడపల్లి పరిసరాల్లోనూ, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి మండలాల్లోనూ సిమెంటు కోసం సున్నపురాయి తవ్వుతున్నారు. బొగ్గుకు ఒక శాఖ, సున్నపురాయికి మరో శాఖ. నిబంధనల పుస్తకాలు వేరు, అంకెలు వేరు. కానీ రెండింటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. తవ్వేవాడు తవ్వకం మొదట్లోనే కొంత సొమ్ముకు పూచీ పడాలి. నేలను బాగుచేశాడని తనిఖీలో తేలితేనే ఆ పూచీ నుంచి అతన్ని విడిపించాలి.

ఇందులో అన్నిటికంటే బరువైన ఘట్టం ఆ తనిఖీ. మన దగ్గర దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం దాదాపు లేరు. గని తెరిచే ముందు ఊరి అభిప్రాయం వినడానికి షామియానా వేస్తారు. కలెక్టరో ఆయన తరఫు అధికారో వస్తారు, కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు వస్తారు, మైకు పెడతారు. ఊరివాళ్లు అనుకూలంగానో వ్యతిరేకంగానో మాట్లాడతారు, గొడవలవుతాయి, పత్రికల్లో వస్తుంది. పాతికేళ్ల తర్వాత అదే గని మూసి డబ్బు వెనక్కి తీసుకునే వేళ షామియానా ఉండదు, మైకూ ఉండదు. ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి నడుస్తుంది. కంపెనీ మీద సమాజానికి ఉన్న చివరి పట్టు ఆ ఫైలులోనే జారిపోతుంది.

పూచీ ఎందుకు పుట్టింది

ఈ పద్ధతి బాగా ముదిరింది అమెరికాలో. అక్కడ దశాబ్దాల పాటు కొండలు చెక్కి బొగ్గు తీసుకుని, మిగిలిన మట్టిని లోయలోకి నెట్టేసి వెళ్లిపోయిన కంపెనీలు ఎన్నో. 1972 ఫిబ్రవరి 26న వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ దగ్గర బొగ్గు వ్యర్థాలతో కట్టిన కట్ట తెగి 125 మంది చనిపోయారు. 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన ఉపరితల గనుల చట్టం వెనుక ఇలాంటి చేదు చరిత్ర చాలా ఉంది. ఆ చట్టం ప్రకారం అనుమతి కావాలంటే ముందే బాండు ఇవ్వాలి. బాండు ఎంత? కంపెనీ మధ్యలో పారిపోతే, ప్రభుత్వం వేరే కాంట్రాక్టరును పెట్టి ఆ నేలను బాగుచేయించడానికి ఎంత ఖర్చవుతుందో అంత.

ఇల్లు అద్దెకిచ్చేవాడు తీసుకునే అడ్వాన్సు లాంటిదే ఇది. గోడకు పడ్డ మేకుల లెక్క చూసుకున్నాకే తిరిగి ఇస్తాడు. తేడా ఏమిటంటే, గని నేలకు తగిలిన దెబ్బ ఖాళీ చేసిన రోజున కనిపించకపోవచ్చు, నాలుగైదు వానాకాలాలు గడిచాక బయటపడవచ్చు. అందుకే అమెరికా చట్టం సొమ్మును ఒకేసారి వదలదు, మూడు మెట్లుగా వదులుతుంది. గొయ్యి పూడ్చి, చదును చేసి, నీరు పోయే దారులు సరిచేశాక మొదటి మెట్టు. ఇక్కడ బాండులో 60 శాతం వరకు విడుదల చేయవచ్చు. పైమట్టి పరిచి, పచ్చదనం నిలదొక్కుకుని, అక్కడి నుంచి వాగుల్లోకి బురద పోవడం లేదని తేలాక రెండోది. నిర్ణీత కాలమంతా గడిచి, ప్రతి షరతూ నెరవేరాక మూడోది.

ఆ నిర్ణీత కాలం లెక్క మనకు ఆసక్తికరం. ఏడాదికి సగటున 26 అంగుళాల కంటే ఎక్కువ వాన పడే చోట అయిదేళ్లు. అంతకంటే తక్కువ పడే చోట పదేళ్లు. 26 అంగుళాలంటే 660 మిల్లీమీటర్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లా సగటు 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే ఆ కొలబద్ద ఇక్కడ పెడితే పాలమూరు చెలకలు పదేళ్ల ఖాతాలోకి వస్తాయి. ఎండ నేలలో మొక్క నిలిచిందో లేదో తేలడానికి ఎక్కువ కాలం పడుతుందన్నది ఆ నియమం వెనుక ఉన్న ఇంగితం. రెండేళ్లు వరుసగా మంచి వానలు పడితే గుట్ట మీద ఏ గింజ వేసినా మొలుస్తుంది. మూడో ఏడు కరువొస్తే గానీ అసలు సంగతి బయటపడదు.

ఇంకో మెలిక ఉంది. ఆ అయిదేళ్లో పదేళ్లో ఎప్పటి నుంచి లెక్కించాలి? మొక్కలు నాటిన రోజు నుంచి కాదు. అదనంగా విత్తనం చల్లడం, ఎరువు వేయడం, నీళ్లు పెట్టడం లాంటి సాయం చివరిసారిగా అందిన ఏడాది నుంచి. మన దగ్గర ట్యాంకరుతో నీళ్లు పోసి బతికించిన మొక్కలను లెక్కపెట్టి లక్ష్యం పూర్తయిందని రాసుకోవడం మామూలే. ట్యాంకరు రావడం ఆగాక ఎన్ని బతికాయన్నది అసలు ప్రశ్న. గని మొక్కలకే కాదు, ఊరూరా నాటే మొక్కలన్నిటికీ ఈ ఒక్క నియమం వర్తింపజేసినా మన అంకెలు చాలా వినయంగా మారతాయి.

నడిచి చూస్తే కనిపించేవి

తనిఖీ అంటే వాహనంలో వచ్చి గుట్ట కింద ఫొటో దిగి వెళ్లడం అనుకుంటే ఏమీ కనిపించదు. నడవాలి. అదీ సరైన కాలంలో నడవాలి. అమెరికా నిబంధనల్లో దీనికి ప్రత్యేకంగా ఒక వాక్యం ఉంది: పనిని సరిగా అంచనా వేయడానికి వీలున్న కాలంలోనే విడుదలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన వాతావరణంలో ఆ కాలం ఏది? ఆశ్వయుజం, కార్తీకంలో చూస్తే బండరాయి మీద కూడా పచ్చగడ్డి కనిపిస్తుంది. నేల కోత చూడాలంటే పెద్ద వాన వెలిసిన వారంలో వెళ్లాలి. మొక్కల సత్తా చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లాలి. నా మటుకు నేను రెండుసార్లు చూడని తనిఖీని తనిఖీగా లెక్కించను.

మొదట వాలు. ఓపెన్‌కాస్టులో బొగ్గు పైనున్న మట్టిని, రాతిని పేల్చి తీసి పక్కన పోస్తారు; సింగరేణి ప్రాంతంలో వాటిని ఓబీ (ఓవర్‌బర్డెన్) డంపులంటారు. దూరం నుంచి చూస్తే కొత్తగా పుట్టిన కొండలు. తవ్విన గొయ్యిలోనే ఈ మట్టినంతా తిరిగి పోయవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పూర్తిగా కుదరదు. గట్టి రాయి పగిలి ముక్కలయ్యాక మధ్యలో ఖాళీలు ఏర్పడి ఘనపరిమాణం పెరుగుతుంది. గొయ్యి వెనక భాగం పూడ్చుకుంటూ ముందుకు తవ్వుతారు గనుక, మొదట్లో తీసిన మట్టి బయటే గుట్టగా ఉండిపోతుంది. చివర్లో తవ్విన చోట గొయ్యి మిగిలిపోతుంది. కాబట్టి తనిఖీకి వెళ్లినవాళ్ల ముందు మూడు రకాల నేల ఉంటుంది: పూడ్చిన నేల, గుట్ట, నీరు నిండిన గొయ్యి. దేని పరీక్ష దానిదే.

గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదన్న షరతు మన బొగ్గు గనుల పర్యావరణ అనుమతుల్లో తరచుగా కనిపిస్తుంది. దాన్ని కొలవడం కష్టం కాదు. కష్టమైంది ఆ వాలు మీద నీరు ఏం చేస్తున్నదో చదవడం. వేలెడు లోతున్న వాన చారలు ఉంటే సర్దుకోవచ్చు. మోకాలి లోతు గండ్లు పడి, గండి అడుగున మట్టి ఇంకా తాజాగా ఉంటే ఆ గుట్ట ఇంకా కదులుతున్నట్టే. గుట్ట పాదం చుట్టూ తవ్విన కాలువలో బురద నిండిందా, రాతి కట్ట దాటి బురద కిందున్న చెలకల్లోకి పోయిందా అన్నది కింది రైతును అడిగితే క్షణంలో చెబుతాడు. తనిఖీ బృందం అతన్ని అడగడం మాత్రం అరుదు. గుట్టలో బొగ్గు పెళ్లలు కలిసిపోయి ఉంటే అవి లోలోపల రాజుకుంటాయి. పొగ, కమురు వాసన వచ్చే చోట ఎన్ని మొక్కలు నాటినా దండగే.

తర్వాత మట్టి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. చేలో పంట పండించేది పైనున్న జానెడు మట్టి. సూక్ష్మజీవులు, వేర్ల అవశేషాలు, గడ్డి గింజలు అన్నీ దాంట్లోనే ఉంటాయి. గని తవ్వేటప్పుడు ఆ పైమట్టిని విడిగా తీసి దాచాలని బొగ్గు అనుమతులూ చెబుతాయి, ఇతర ఖనిజాల నిబంధనలూ చెబుతాయి. దాచడమంటే ఎత్తుగా కుప్పపోసి పదిహేనేళ్లు వదిలేయడం కాదు. అలా చేస్తే లోపలికి గాలి ఆడక మట్టి చచ్చిపోతుంది. వీలైనంత త్వరగా పూడ్చిన భాగం మీద పరచాలి. పరిచారో లేదో పైనుంచి చూస్తే తెలియదు, గుంత తీయాలి. అక్కడక్కడా, తనిఖీ బృందం ఎంచుకున్న చోట, కంపెనీ చూపించిన చోట కాకుండా. రంగు ఎక్కడ మారుతున్నదో చూస్తే పైమట్టి మందం తెలిసిపోతుంది. నాలుగు అంగుళాల ఎర్రమట్టి కింద రాతి ముక్కలు బయటపడితే అది అలంకారమే.

పైమట్టి సరిగా ఉన్నా దాని కింద పొర గట్టిపడి ఉండవచ్చు. వంద టన్నుల డంపర్లు తిరిగిన నేల అది. వేరు దిగదు, నీరు ఇంకదు. మొదటి రెండేళ్లు మొక్క పైమట్టిలోనే వేళ్లు పరుచుకుని బాగానే ఉంటుంది. మూడో ఏడు ఎండలకు తల వాలుస్తుంది. వాన పడ్డ మర్నాడు గడ్డపార నేలలోకి ఎంత దిగుతుందో చూడటం మోటు పరీక్షే కానీ నిజం చెబుతుంది. దానికి తగిన పరికరాలూ ఉన్నాయి. పాలమూరు నుంచి దేశమంతా మట్టి పనికి వెళ్లిన కూలీలు తరతరాలుగా ఉన్నారు; పార దెబ్బతో నేల గుణం చెప్పగల ఆ మనుషుల్లో ఒకరిని తనిఖీ బృందం వెంట తీసుకెళ్లినా చాలా సంగతులు తేలతాయి.

మూడోది పచ్చదనం. ఉపగ్రహ చిత్రాలతో గనుల పునరుద్ధరణను గమనించే పద్ధతి మన దేశంలో ఉంది, మంచిదే. ఆకాశం నుంచి ఎంత మేర పచ్చబడిందో తెలుస్తుంది. కానీ ఆ పచ్చన సర్కారు తుమ్మదా, సుబాబుల్‌దా, యూకలిప్టస్‌దా, లేక మోదుగ, నారేపి, వేప, కానుగ కలిసి పెరిగిన తోపుదా అన్నది నేల మీద నిలబడితేనే తెలుస్తుంది. అమెరికా నియమాల్లో పచ్చదనం ఒప్పుకున్న ప్రమాణంలో 90 శాతానికి తగ్గకూడదు, అదీ నమూనాలు తీసి 90 శాతం గణాంక విశ్వాసంతో నిరూపించాలి. లెక్కలోకి వచ్చే చెట్టు ఆరోగ్యంగా ఉండాలి, కనీసం రెండు ఎదుగుదల కాలాలు అక్కడే గడిపి ఉండాలి. నిరుడు చచ్చిన చోట ఈ ఏడాది కొత్త మొక్క పెట్టి సంఖ్య సరిపెట్టే ఎత్తు దానితో చెల్లదు. ఒకప్పుడు మేలైన సేద్యపు భూమి అయితే పచ్చదనంతో సరిపెట్టుకోరు. కనీసం మూడు పంట ఏళ్ల దిగుబడి లెక్క చూపాలి.

మన దగ్గర 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. తవ్వకం పూర్తయిన నేలలో మళ్లీ గడ్డి పెంచి, పశువుల మేతకూ ఇతర జీవాలకూ పనికొచ్చే స్థితికి తేవాలన్న షరతును గని లీజుల్లో చేర్చమంది. కోటి మొక్కల లెక్కలకు అలవాటుపడిన మన వ్యవస్థకు గడ్డి చిన్న విషయంలా కనిపిస్తుంది. గొర్రెల మందలు నమ్ముకుని బతికే పాలమూరు కురుమ, గొల్ల కుటుంబాలకు అది చిన్న విషయం కాదు. పైగా వాలు మీద మట్టిని మొదట పట్టి ఉంచేది గడ్డే. చెట్టు తర్వాత వస్తుంది.

నీళ్ల లెక్క తవ్వకముందే మొదలవుతుంది

నల్లగొండవాళ్లకు నీటి సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ ఎముకలను ఎలా వంచిందో చూసిన జిల్లా ఇది. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, మన జిల్లా పేరే పెట్టింది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేని చోట 1.5 వరకు సహించవచ్చు అన్నది మన ప్రమాణం.

ఇప్పుడు ఒక గని పక్కన బావిలో 1.8 వచ్చిందనుకోండి. తప్పెవరిది? తవ్వకముందు ఆ బావిలో ఎంత ఉండేదో రాసి పెట్టి లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటికీ దొరకదు. కంపెనీ ‘ఈ జిల్లా నీళ్లే అంత’ అంటుంది. ఊరు ‘గని వచ్చాకే ఇలా అయింది’ అంటుంది. ఇద్దరూ నిజాయితీగానే అనవచ్చు. పూచీ విడుదల తనిఖీలో సగం పని పాతికేళ్ల ముందే జరిగి ఉండాలంటున్నది ఇందుకే. పర్యావరణ ప్రభావ నివేదిక కోసం సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజను వివరాలే సేకరిస్తారు. చలికాలంలో నిండుగా ఉన్న బావి మేలో అడుగంటుతుంది. నీరు తగ్గే కొద్దీ అందులో కరిగిన లవణాల పాళ్లు మారతాయి. ఒక్క సీజను కొలతను పట్టుకుని పాతికేళ్ల తర్వాత తీర్పు చెప్పడం న్యాయం కాదు, కంపెనీకైనా ఊరికైనా.

బొగ్గు విషయంలో నీటికి ఇంకో ప్రమాదం ఉంది. బొగ్గు పొరల్లో గంధకంతో కూడిన ఇనుప ఖనిజం గాలి, నీరు తగిలితే ఆమ్లంగా మారి, ఎర్రటి నీటిగా పారుతుంది. మేఘాలయ, అస్సాం బొగ్గులో గంధకం ఎక్కువ. గోదావరి లోయ బొగ్గులో తక్కువ. అలాగని పరీక్ష మానేయకూడదు. ఆమ్ల గుణం, ఇనుము, సల్ఫేట్లు, కరిగిన లవణాలు చూడాలి, గొయ్యిలోని నీటిలోనూ, చుట్టుపక్కల బావుల్లోనూ. ఈ గోతులను థర్మల్ కేంద్రాల బూడిదతో నింపడాన్ని మన బూడిద వినియోగ నిబంధనలు అనుమతిస్తున్నాయి. దక్షిణానికి బొగ్గుగా వచ్చినది ఉత్తరానికి బూడిదగా తిరిగి వెళ్లే రోజు రావచ్చు. అప్పుడు ఆ గొయ్యి కింది భూగర్భ జలాన్ని కూడా తనిఖీ జాబితాలో చేర్చాలి.

పరిమాణం కూడా అంతే ముఖ్యం. గని నడిచినన్నాళ్లూ పంపులతో నీరు తోడుతూనే ఉంటారు గనుక చుట్టూ నీటిమట్టం పడిపోతుంది. పంపులు ఆగాక గొయ్యి నిండుతుంది, మట్టం మెల్లగా కోలుకుంటుంది. ఎంతకాలానికి, ఎంత మేర అన్నది బావుల్లో కొలిస్తేనే తేలుతుంది. గని మూసిన మరుసటి ఏడాదే సంతకం పెట్టేస్తే ఈ లెక్క ఎవరూ చూడనట్టే.

మన ఖాతాలో ఎంత, ఎవరి చేతిలో

మన దేశంలో బొగ్గు గనుల మూసివేతకు మార్గదర్శకాలు వచ్చింది 2009లో. 2013లో, 2020లో, 2025లో వాటిని సవరించారు. పద్ధతి స్థూలంగా ఇది: కంపెనీ, బ్యాంకు, బొగ్గు నియంత్రణాధికారి కలిసి ఎస్క్రో ఖాతా, అంటే షరతులు తీరేదాకా కంపెనీ సొమ్ము తీసుకోలేని ఖాతా, తెరుస్తారు. మూసివేతకయ్యే మొత్తాన్ని గని జీవితకాలానికి భాగించి, ఏటా కంపెనీ అందులో జమ చేయాలి. 2009 ధరల్లో ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష అని పెట్టారు. 2019 ఏప్రిల్ ధరల మీద వాటిని 9 లక్షలు, లక్షన్నరగా పెంచారు. 2013 నాటి నియమాల్లో అయిదేళ్లకోసారి, అప్పటిదాకా నిజంగా చేసిన పునరుద్ధరణ ఖర్చు మేరకు, జమలో 80 శాతం మించకుండా కంపెనీకి తిరిగి ఇవ్వవచ్చు. మిగిలింది తుది మూసివేత తర్వాతే. నీరి, ధన్‌బాద్ గనుల విద్యాసంస్థ, కోల్ ఇండియాకు చెందిన గనుల ప్రణాళిక సంస్థ సీఎంపీడీఐ లాంటి ప్రభుత్వ నిపుణ సంస్థలు పనిని పరిశీలించి చెప్పాలి.

అయిదేళ్లకోసారి తిరిగి ఇవ్వడం తప్పని నేను అనను. పని చేసిన కొద్దీ డబ్బు వస్తుందంటే కంపెనీ చివరి దాకా ఆగకుండా వెంట వెంటనే పూడుస్తుంది. చిక్కు మిగిలిన భాగంతో. అన్నిటికంటే కష్టమైన, ఖరీదైన పని చివరి గొయ్యి. మొదటి ఇరవై ఏళ్లలో తేలికైన పనులకు ఎక్కువ భాగం తీసేసుకుంటే ఆ గొయ్యికి సరిపడా మిగులుతుందా? హెక్టారుకు ఇంత అని గుండుగుత్తగా లెక్క కట్టడంలో ఇంకో లోపం: 40 మీటర్ల లోతు గొయ్యికీ, 200 మీటర్ల లోతు గొయ్యికీ విస్తీర్ణం ఒకటే అయితే పూచీ ఒకటే. అమెరికా పద్ధతిలో ఆ గనికి నిజంగా అయ్యే ఖర్చు లెక్క కట్టాలి. ఆ పద్ధతికీ గండ్లు పడ్డాయి, ఒప్పుకోవాలి. ఆస్తిపాస్తులు బాగా ఉన్న కంపెనీలు తమ మాటే బాండుగా ఇవ్వవచ్చని వెసులుబాటు ఇచ్చారు. 2015, 2016లలో ఆల్ఫా నేచురల్ రిసోర్సెస్, ఆర్చ్ కోల్, పీబాడీ వరుసగా దివాలా పిటిషన్లు వేసినప్పుడు ఆ మాటల విలువ ఎంతో రాష్ట్రాలకు తెలిసొచ్చింది.

మార్గదర్శకాలు వచ్చి పదిహేనేళ్లు దాటాక, 2025లో గానీ మన దేశంలో తొలి తుది మూసివేత ధ్రువపత్రాలు రాలేదు. అవి మధ్యప్రదేశ్‌లోని పాథాఖేడా, సాత్పురా భూగర్భ గనులకు దక్కాయి. అంటే తుది తనిఖీ ఎలా చేయాలో మన వ్యవస్థ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నది. ముందు ముందు మూతపడే పెద్ద ఓపెన్‌కాస్టులు అంతకంటే కఠినమైన పరీక్ష పెడతాయి.

సున్నపురాయి దారి వేరు. అక్కడ ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ చూస్తుంది. డబ్బు ఖాతాలో జమ కాదు, ఎక్కువగా బ్యాంకు గ్యారంటీగా ఉంటుంది. 2003 తర్వాత చాలా ఏళ్ల పాటు పూర్తిగా యంత్రాలతో నడిచే ‘ఎ’ తరగతి గనికి హెక్టారుకు 25 వేలు. 2017 నిబంధనలు దాన్ని 3 లక్షలు చేశాయి, 2021 సవరణ 5 లక్షలు చేసింది. మిగిలిన గనులు వచ్చే ‘బి’ తరగతికి 3 లక్షలు. అదీ లీజు మొత్తానికి కాదు, తవ్వకానికీ అనుబంధ పనులకూ వాడిన మేరకే. వంద హెక్టార్లు తవ్విన గనిని తీసుకుంటే పాత లెక్కలో పూచీ 25 లక్షలు, ఇప్పుడు 5 కోట్లు.

సున్నపురాయి గనిలో పూడ్చడానికి మట్టే మిగలదు. తీసిన రాయిలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీకి పోతుంది. కాబట్టి మూసివేత ప్రణాళికల్లో ‘నీటి నిల్వగా మారుస్తాం’ అన్న మాట కనిపిస్తుంది. అది చెడ్డ ఆలోచన కాదు, నీరు అరుదైన చోట వరమే కావచ్చు. అయితే నిట్టనిలువు గోడల మధ్య నిలిచిన లోతు నీటిని చెరువు అనలేం. దిగడానికి మెట్లు, వాలు ఉన్నాయా, పశువు పడితే బయటికి రాగలదా, కంచె పదేళ్ల తర్వాత కూడా నిలుస్తుందా, ఆ నీరు ఎవరి హక్కు అన్నవన్నీ తేలాకే గ్యారంటీ వెనక్కి ఇవ్వాలి. వదిలేసిన క్వారీ గుంతల్లో ఈతకు దిగి పిల్లలు చనిపోయిన వార్తలు ప్రతి వేసవిలోనూ చదువుతూనే ఉన్నాం.

ఊరి చేతిలో ఉన్న కాగితాలు

అమెరికా కంపెనీ బాండు విడుదల కోరితే స్థానిక పత్రికలో వారానికోసారి చొప్పున వరుసగా నాలుగు వారాలు ప్రకటన ఇవ్వాలి. పక్క భూముల యజమానులకు, స్థానిక సంస్థలకు ఉత్తరాలు రాయాలి. దరఖాస్తు అందిన 30 రోజుల్లో, వాతావరణం అనుకూలించినంత త్వరగా తనిఖీ జరగాలి. భూమి యజమానికి ముందే కబురు పెట్టాలి. అతను తనిఖీదారు వెంట నడవవచ్చు. అభ్యంతరం ఉంటే బహిరంగ విచారణ అడగవచ్చు. ఇదంతా పనిచేయడానికి ముఖ్య కారణం, అక్కడ చాలాచోట్ల నేల తిరిగి అదే యజమానికి వెళుతుంది. తన పొలం తనకు ఎలా తిరిగొస్తున్నదో చూసుకునేవాడి కళ్లు వేరుగా ఉంటాయి. మన దగ్గర సేకరించిన భూమి ఇక రైతుది కాదు. నష్టపరిహారం తీసుకుని పక్కకు తప్పుకున్న మనిషికి గుట్ట వాలు ఎన్ని డిగ్రీలో చూసే ఓపికా ఉండదు, అడిగే అధికారమూ ఉండదు. మన నిబంధనలు మార్చాల్సిన మొదటి చోటు ఇదే: సొమ్ము విడుదలకు ముందు గ్రామసభకు నోటీసు, తనిఖీలో ఇద్దరు ముగ్గురు ఊరివాళ్లకు చోటు. ఖర్చు లేని సవరణ ఇది.

అది వచ్చేలోపు చేతిలో ఏమీ లేదని కాదు. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి గనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి; 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం అవి బహిరంగ పత్రాలు, అడిగినవారికి ఇవ్వాల్సినవి. పైమట్టి ఎంత దాచారు, ఎక్కడ పరిచారు, బావుల్లో నీటిమట్టం ఎంత అన్న అంకెలు వాటిలో ఉంటాయి. మూసివేత ప్రణాళికను, బ్యాంకు గ్యారంటీ వివరాలను, నిపుణ సంస్థల పరిశీలన నివేదికలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. సున్నపురాయి గనులైతే ఏటా జూలై 1 లోపు పునరుద్ధరణ పనుల నివేదిక ఇవ్వాలి. ఏడాదికి పది లక్షల టన్నులు, ఆపైన తవ్వే ప్రణాళిక ఉన్నా, లీజు 50 హెక్టార్లు, ఆపైన ఉన్నా, 2021 సవరణ తర్వాత డ్రోన్ చిత్రాలు కూడా జత చేయాలి. ఆ చిత్రాల్లో లీజు హద్దు దాటి వంద మీటర్ల దాకా కనిపిస్తుంది. హద్దు పక్కన చెలక ఉన్న రైతు తన పొలం గట్టును, గండి పడితే ఆ గండిని, వాటిలో ఏటికేడు పోల్చి చూసుకోవచ్చు.